నీళ్ళోసుకుందంటే స్నానం కాదు

పరాయి భాష నేర్పే ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఈ మధ్య మా ఇంటికి వచ్చి కూర్చుంటున్నారు. ఈవిడ దొరసానులకు తెలుగు నేర్పింది, వెళ్ళి అడగండి అని ఎవరో చెప్పారట. వాళ్ళు అడిగేది ఒక్కటే. పుస్తకంలో ఉన్న పాఠాన్ని మన తరగతికి తగ్గట్టు మార్చుకోవచ్చా, మార్చుకుంటే ఎంతవరకు అని. దానికి నా దగ్గర సూత్రం ఏమీ లేదు. జరిగిన సంగతి ఒకటి ఉంది. నోటితో చెబితే ప్రతిసారీ కొంచెం మారిపోతోంది కాబట్టి రాసి పెడుతున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. నేను టీచరుగా ఎక్కడా పని చేయలేదు. రేపల్లె రైలు దారిలో ఒక ఊళ్ళో ఉన్న మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేరాను, ఆయాగానే పని మానుకున్నాను. మధ్యలో పదకొండేళ్ళు, మధ్యాహ్నం పూట ఒక గంట, సముద్రం అవతలి నుంచి వచ్చిన నర్సులకూ డాక్టర్లకూ తెలుగు మాటలు నేర్పాను. రిజిస్టరులో ఆ గంటకు వేరే పేరు లేదు.

మాది అంగలకుదురు పక్క పల్లె. ఆసుపత్రికి రాకముందు నాట్లకూ కోతలకూ వెళ్ళేదాన్ని. ముప్పై ఆరేళ్ళు దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఊరూరా తిరిగి బైబిలు చదివి వినిపించి, కాళ్ళు పట్టేయడంతో ఆసుపత్రి ఆవరణలోనే ఉండిపోయిన ఒక పెద్దావిడ, మధ్యాహ్నం పూట బట్టలుతికే గది అరుగు మీద నలుగురు ఆయాలను కూర్చోబెట్టి ఓనమాలు దిద్దించింది. ఇద్దరు నెలలోపే మానేశారు. నేను సొంతంగా కూడబలుక్కుని చదివిన మొదటి మాట ‘విషము’. మందుల అలమరా పై అరలో ఒక సీసా మీద ఉండేది. ఆ సీసాను అంతకు ముందు ఆరేళ్ళు రోజూ గుడ్డ పెట్టి తుడిచాను.

అది చదివిన రోజు నుంచి నాకు అచ్చు అక్షరం అంటే భయమూ భక్తీ పట్టుకున్నాయి. నేను చేసిన తప్పుకు మూలం అదే.

అరవైలు మొదలైన కొత్తలో ఒక నర్సు దొరసాని అమెరికా నుంచి మా ఆసుపత్రికి వచ్చింది. ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో ఉంటాయి. పొడగరి. ఎండలో పది అడుగులు వేస్తే ముఖం కందిపోయేది. అప్పటి పద్ధతి ఏమిటంటే, అలా వచ్చినవాళ్ళు తెలుగు చదివి బాపట్లలో పెద్దల ముందు పరీక్ష ఇవ్వాలి. ఆ పరీక్ష గట్టెక్కితేనే వార్డు అప్పగిస్తారు. ఒకసారి తప్పితే మళ్ళీ కూర్చోవచ్చు. రెండోసారి కూడా తప్పితే ఓడెక్కి ఇంటికి పోవాల్సిందే. మా దొరసానమ్మ మొదటిసారి తప్పింది. చదవమంటే చదివిందట, రాయమంటే రాసిందట, మాట్లాడమంటే నోరు విప్పలేదట. రెండో పరీక్షకు ఇక నాలుగు నెలలుంది.

ఆమెకు తెలుగు చెప్పే పంతులుగారు తెనాలి నుంచి వారానికి మూడు రోజులు రైల్లో వచ్చేవారు. రిటైరైన తెలుగు పండితులు. నల్ల గొడుగు, మరచెంబులో ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ళు. మా ఆవరణలో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. కానీ ఒక్క రోజు కూడా ఆలస్యంగా వచ్చింది లేదు. ఆయన చేతిలో దొరసానుల కోసమే వేసిన ఒక పాత పుస్తకం ఉండేది. ముప్పై పాఠాలు. మొదటి పరీక్ష నాటికి వాటిలో సగం కూడా కాలేదట. మొదటి పాఠంలో రాజు ఉండెను. రెండో పాఠంలో రాజు అడవికి పోయెను. ఇరవై నాలుగో పాఠానికి కూడా ఆయన ఇంకా అడవిలోనే ఉండేవాడు.

మా డాక్టరమ్మ ఈ ప్రాంతం మనిషే. మాట కటువు, చెయ్యి మెత్తన. ఒకరోజు నన్ను పిలిచి, “నువ్వు బాగా వాగుతావు గదా. రేపటి నుంచి పంతులుగారి పాఠం అయ్యాక ఒక గంట దొరసానమ్మ దగ్గర కూర్చుని వాగు. పుస్తకం చూసుకో, అక్షరాలు కూడా వచ్చినయ్యి గదా నీకు” అంది.

నేను పాఠం జరిగేటప్పుడే వెళ్ళి వరండా మెట్టు మీద కూర్చునేదాన్ని. పంతులుగారు చెప్పేది వినేదాన్ని. ఆయన లేచి రైలుకు వెళ్ళాక నా గంట మొదలు. అక్కడే దారి తప్పాను. వాగమని నన్ను కూర్చోబెడితే, నేను నా వాగుడు మానేసి పుస్తకం వాగుడు మొదలుపెట్టాను. నేను పుట్టి పెరిగిన మాట తప్పనీ, అచ్చులో ఉన్నది ఒప్పనీ మనసులో పడిపోయింది. “అమ్మగారూ, తమరు భుజించితిరా?” అని అడిగేదాన్ని. “నేను భుజించితిని. నీవు భుజించితివా?” అని ఆమె. తోటి ఆయా ఒకతె బట్టలు ఆరేస్తూ ఇది విని, సాయంత్రం దాకా నన్ను వదల్లేదు. “ఏమే, భుజించితివా? చారు పోసుకొంటివా? దానిలోకి అప్పడము నమిలితివా?”

నవ్వు నాతోనే ఆగితే బాగుండేది. దొరసానమ్మ వార్డులోకి వెళ్ళి అదే భాష మాట్లాడేది. పుస్తకంలో ‘మీరు’ అనే మాట పదహారో పాఠంలో గానీ రాదు. అప్పటిదాకా అందరూ ‘నీవే’. డెబ్బై ఏళ్ళ రైతు ఒకాయన ఆయాసంతో మంచం మీద ఉంటే, “నీవు ఎందులకు లేచితివి?” అంది ప్రేమగా. ఆయన ఆయాసం మర్చిపోయి లేచి కూర్చున్నాడు. “ఏంటీ పిల్ల? మా నాయన కూడా నన్ను నీవు గీవు అనలేదు. అబ్బాయ్, బండి కట్టించు, నేనిక్కడుండను” అని కొడుకు మీద కేకలు. డాక్టరమ్మ వచ్చి సర్దింది. ఆ రోజు నేను దొరసానమ్మకు ‘మీరు’ ముందుగా నేర్పి ఉండవచ్చు. పదహారో పాఠం ఇంకా రాలేదు కదా అనుకున్నాను.

ఇక పద్దెనిమిదో పాఠం. నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. ‘బాలుడు ప్రాతఃకాలమున లేచెను. పండ్లు తోముకొనెను. నీళ్ళు పోసికొనెను.’ పంతులుగారు నీళ్ళు పోసికొనుట అంటే స్నానము చేయుట అని చెప్పారు. దొరసానమ్మకు ఒక అలవాటు ఉండేది. ప్రతి మాటకూ, “దీనికి ఇంకొక అర్థము కలదా?” అని అడిగేది. ఆ రోజూ అడిగింది. పంతులుగారు గొడుగు పిడి వైపు చూస్తూ, “లేదండి, అంతే” అన్నారు. ఆమె నా వైపు చూసింది. నేను తల వంచుకుని మెట్టు మీద ఇసుక గీసుకుంటూ కూర్చున్నాను.

మా వైపు ఆడవాళ్ళకు ఎవరికైనా తెలుసు. ఎవరికి వాళ్ళు ‘నీళ్ళు పోసుకొస్తా’ అంటే స్నానమే. కానీ ఒక అత్తగారు తన కోడల్ని గురించి గొంతు తగ్గించి, ‘మా పిల్ల నీళ్ళోసుకుంది’ అంటే కడుపుతో ఉందని. నలుగురు మగవాళ్ళున్న చోట కడుపు, గర్భం అనే మాటలు పైకి అనకుండా ఉండేందుకు పెట్టుకున్న మాట అది. దాన్ని విప్పి చెప్పడానికి పంతులుగారి ఎదుట నాకు నోరు రాలేదు. ఆయన వెళ్ళాక చెప్పవచ్చు గదా అని మీరు అడుగుతారు. పుస్తకంలో లేదు గదా అని ఊరుకున్నాను. నిజం అంతే.

పరీక్ష ఇక మూడు వారాలుందనగా ఒకరోజు డాక్టరమ్మ ఉదయం రైలుకు తెనాలి వెళ్ళింది. ఓపీలో దొరసానమ్మ ఒక్కతే చూస్తోంది. కడుపునొప్పులకూ, పురుగులకూ, విరేచనాలకూ మందులివ్వడానికి ఆమెకు అనుమతి ఉంది. రేపల్లె అవతలి ఊరి నుంచి ఒక అత్తగారు కోడల్ని తీసుకొచ్చింది. పిల్లకు పద్దెనిమిది పంతొమ్మిది. ముఖం పాలిపోయి ఉంది, తిన్నది నిలవడం లేదు. పక్కనే కాంపౌండరు, బెంచీ మీద ఇంకో నలుగురు మగవాళ్ళు. అత్తగారు ముందుకు వంగి, “మా కోడలు నీళ్ళోసుకుని మూణ్ణెల్లయిందమ్మా” అంది.

నేను అప్పుడు అక్కడ లేను. సూదులు మరగబెట్టే గదిలో ఉన్నాను. తర్వాత జరిగింది అత్తగారి నోటి నుంచే విన్నాను. దొరసానమ్మ కళ్ళు పెద్దవి చేసి, “మూడు మాసములా?” అందట. “అవునమ్మా, నిండా మూణ్ణెల్లు” అని అత్తగారు సంతోషంగా చెప్పింది. దొరసానమ్మ లేచి లోపలికి వెళ్ళి ఒక కొత్త సబ్బుబిళ్ళ తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. పెట్టి, దినదినము శుభ్రముగా ఉండవలెనని చాలాసేపు చెప్పింది. తర్వాత కడుపులో పురుగులని నిశ్చయించి, ముందు పొట్ట కడగడానికి గట్టి విరేచనం మందు తాగించి, ఆడవాళ్ళ వార్డులో పడుకోబెట్టింది.

మధ్యాహ్నం పాఠానికి దొరసానమ్మ ఉత్సాహంగా వచ్చింది. ఆ రోజు వార్డులో విన్న తెలుగు తనకు పూర్తిగా అర్థమైందని, దాన్ని సొంతంగా రాశానని, నోటుబుక్కు పంతులుగారికి ఇవ్వబోయి, ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటుంటే నాకు ఇచ్చింది. “నీవు చదువుము” అంది.

నా చదువు అప్పట్లో ఒక్కో అక్షరం తడుముకుంటూ సాగేది. ‘ఈ స్త్రీ... స్నానము చేసి... మూడు... మాసములైనది.’ మొదట నాకు నవ్వొచ్చింది. ఇన్ని కాలవలున్న చోట మూడు నెలలు నీళ్ళు తగలని మనిషి ఎవరబ్బా అనుకున్నాను. ‘నేను ఆమెకు శుభ్రతను గురించి... బోధించితిని. విరేచనమునకు... ఔషధ...’ అక్కడ ఆగాను. తలెత్తి చూస్తే పంతులుగారు అద్దాలు తుడవడం ఆపేశారు.

“అమ్మగారండి, ఆవిడ ఏమంది? ఆ మాట ఆవిడ అన్నట్టే అనండి” అన్నాను.

“నీళ్ళోసుకుని మూణ్ణెల్లు” అంది దొరసానమ్మ. ఉచ్చారణ చక్కగా ఉంది.

నేను నోటుబుక్కు అక్కడే పడేసి వార్డుకు పరుగెత్తాను. అత్తగారు మంచం పక్కన నిలబడి అరుస్తోంది. “మా ఇంట్లో మూణ్ణెల్లకోసారి స్నానం చేస్తామంట! సబ్బుబిళ్ళ ఇస్తదా నా కోడలికి! ఇదిగో, ఎవరికి కావాలో తీసుకెళ్ళండి ఈ సబ్బుబిళ్ళ!” ఆమె కోపం ఇంకా సబ్బుబిళ్ళ దగ్గరే ఉంది. తాగించిన మందు ఏమిటో ఆమెకు తెలియదు. కోడలు గోడ వైపు తిరిగి మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని ఉంది. అప్పటికి అయిదారుసార్లు బయటికి వెళ్ళొచ్చిందట. నడుములో పోటు అంటోంది. చీర చూశాను. కొంచెం ఎరుపు కనిపించింది.

డాక్టరమ్మ నాలుగు గంటల రైలుకు దిగింది. వచ్చీ రాగానే చూసి, ఇంజెక్షను ఇచ్చి, మంచం కాళ్ళవైపు కింద రెండేసి ఇటుకలు పెట్టించింది. పిల్లను కదలవద్దంది. పదిరోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేనంది. తర్వాత దొరసానమ్మతో ఇంగ్లీషులో మాట్లాడింది. అది నాకు తెలియదు. నాతో తెలుగులో మాట్లాడింది.

“ఆ మాట నీకు తెలుసా, తెలీదా?”

“తెలుసండి.”

“మరి చెప్పలేదేం?”

“పంతులుగారున్నారండి.”

“నీ సిగ్గు బాగానే ఉంది. ఆ పిల్ల మంచం కింద ఇటుకలు చూశావా?” అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

దొరసానమ్మ వరండాలో నిలబడి ఉంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. “ఇటువంటి మాటలు ఇంకను ఎన్ని కలవు?” అంది.

“బోలెడున్నాయండి.”

“బోలెడు అనగా?”

“చాలా అని, అమ్మగారండి.”

“రేపటి నుండి అవియే” అంది.

రెండు రోజుల తర్వాత పంతులుగారు వచ్చినప్పుడు, నేను మెట్టు మీద కూర్చోకుండా నిలబడి చెప్పాను. తప్పు నాదేననీ, తెలిసి కూడా ఆయన ఎదుట చెప్పలేకపోయాననీ. ఆయన గొడుగు మూలన పెట్టి వచ్చి కూర్చున్నారు. తర్వాత, “నాకు నలుగురు ఆడపిల్లలమ్మా. ఆ మాట మా ఇంట్లో నాలుగుసార్లు విన్నాను. అమ్మగారు అడిగినప్పుడు లేదన్నది నేను. నువ్వు ఊరుకున్నావు, నేను అబద్ధం చెప్పాను” అన్నారు. నాతో ఆయన అంత పొడుగు మాట్లాడటం అదే మొదలు.

అయినా పుస్తకం పక్కన పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. “పరీక్ష పుస్తకంలోంచే ఇస్తారు. ఇరవై నాలుగో పాఠం నుంచి ముప్పయ్యో పాఠం దాకా కథలు. ప్రతిసారీ అందులోంచి ఒక కథ చెప్పమంటారు. అవి వదిలేస్తే మీరు ఓడెక్కాల్సిందేనండి” అని దొరసానమ్మకు వివరంగా చెప్పారు. అది నిజం. ఉన్నవి పంతొమ్మిది రోజులు. రెండూ చేయడానికి సరిపోవు.

దొరసానమ్మ ఆ పాఠాలన్నీ కలిపి పట్టుకుని చూసింది. సన్నవే. నా చేతికి ఇచ్చింది. నేను వాటికి ఒక గుండుసూది గుచ్చి మూసేశాను. నిర్ణయం ఆమెది, గుచ్చింది నేను. ఆ పూట ఇంటికి వెళ్ళాక, ఒక మనిషి బతుకుతెరువుకు నేను సూది గుచ్చానేమో అనిపించింది.

ఇక మేము చేసిన పని. పాత పుస్తకంలో మిగతా పాఠాల వరస అలాగే ఉంచాము. ఆ వరస మంచిదే, ఎవరో బుర్రపెట్టి కట్టింది. లోపలి సరుకు మార్చాము. ఆజ్ఞలు నేర్పే పాఠంలో ‘బాణము వేయుము, గుఱ్ఱము నెక్కుము’ అని ఉండేవి. అవి కొట్టేసి ‘నాలిక చాపమ్మా, ఊపిరి పీల్చండి, వదలండి, అటు తిరగండి’ అని రాశాము. జరిగిపోయిన కాలం నేర్పే పాఠంలో రాజును దించేసి, ‘మందేసుకున్నావా? ఎప్పుడేసుకున్నావు? కక్కావా?’ అని పెట్టాము. మూడో పాఠంలోకి ‘మీరు’ తెచ్చాము. పెద్దవాళ్ళను బాబాయి అనాలో తాతయ్యా అనాలో, అత్తయ్యా అనాలో పెద్దమ్మా అనాలో చూసి తేల్చుకోవడం ఒక పాఠం. దానికి పుస్తకంలో పోలికే లేదు. కాగితం ముక్కల మీద నేను రాసేదాన్ని. నా రాత కోడిగీతలు. పంతులుగారు ఒత్తులు దిద్దేవారు. మాట మాత్రం మార్చేవారు కాదు, మూతి ముడుచుకునేవారు. “ఇది భాష కాదమ్మా, సంత” అనేవారు. “అవునండి, సంతలోంచే వస్తారండి జబ్బుమనుషులు” అనేదాన్ని. అప్పటికి నాకు కొంచెం నోరొచ్చింది.

తెలుగు చెప్పడంలో అసలు సాయం చేసింది ఆ అత్తగారు. పదిరోజులూ కోడలి మంచం దగ్గరే కూర్చోవాలి. చేతిలో పని లేదు. మొదటి రెండు రోజులు దొరసానమ్మ వస్తే ముఖం తిప్పుకునేది. మూడో రోజు దొరసానమ్మ నోటుబుక్కు పట్టుకుని ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. “అత్తయ్యా, తప్పు చేశాను. నేర్పండి” అంది. ఆ మూడు మాటలూ నేను నేర్పినవే. తర్వాతి మాటలన్నీ అత్తగారివి.

“నెల తప్పిందంటే ఏంటి? చెప్పు చూద్దాం.”

“నీళ్ళోసుకుంది.”

“ఆ! ఒట్టి మనిషి కాదంటే?”

“అది కూడా... నీళ్ళోసుకుంది.”

“బయట చేరిందంటే?”

“గది వెలుపలికి వెళ్ళింది.”

వార్డంతా గొల్లుమంది. గోడ వైపు తిరిగి పడుకున్న కోడలు కూడా నవ్వింది. “నవ్వబాకే, కదులుతావు!” అని అత్తగారు కసిరి, దొరసానమ్మ చెవిలో అర్థం చెప్పింది. నెలసరి అని. దొరసానమ్మ చెవులు ఎర్రబడ్డాయి. రాసుకుంది. ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అంటే కళ్ళజబ్బు కాదనీ, ‘అమ్మవారు పోసింది’ అంటే గుడి సంగతి కాదనీ, ‘నొప్పులొస్తున్నాయి’ అంటే ఒక నొప్పి కంటే ఎక్కువని లెక్కపెట్టడం కాదు, కాన్పు గదికి పరుగెత్తాలనీ ఆ మంచం దగ్గరే నేర్చుకుంది. పక్క మంచాల వాళ్ళు కూడా తలా ఒకటి అందించారు. రోజుకు నాలుగైదు కాగితం ముక్కలు నిండేవి.

పదకొండో రోజున డాక్టరమ్మ ఇటుకలు తీయించింది. గర్భం నిలిచింది. కోడలు నడిచి బండెక్కింది. “వెళ్ళొస్తామమ్మా” అంటే దొరసానమ్మ, “వెళ్ళి రండి అత్తయ్యా, కోడల్ని బరువులెత్తనియ్యబాకండి” అంది. ఆ ‘బాకండి’ అత్తగారిది. ఆ పిల్ల ఎక్కడ పురుడు పోసుకుందో నాకు తెలియదు. మా ఆసుపత్రికి మాత్రం రాలేదు. రావాలని ఎలా అంటాము?

పరీక్ష రోజు దొరసానమ్మా నేనూ పొద్దున రైలెక్కి తెనాలి వెళ్ళాము. పంతులుగారు అక్కడ కలిశారు. బండి మారి బాపట్లలో దిగాము. దారి పొడుగునా ఆయన పుస్తకం తెరిచి ఆ గుండుసూది తీసి, “ఇరవై నాలుగో పాఠం ఒక్కటైనా వినండి. రాజు వేటకు పోయి దారి తప్పెను...” అని చెబుతూనే ఉన్నారు. దొరసానమ్మ వింటూనే ఉంది కానీ కిటికీ బయటికి చూస్తోంది.

పరీక్ష ఒక పాత బంగళాలో. చుట్టూ సరుగుడు చెట్లు, గాలికి ఒకటే హోరు. పంతులుగారు లోపల ఒక మూల కుర్చీలో కూర్చున్నారు. నేను వరండాలో కిటికీ పక్కన. పెద్దలు ముగ్గురు. మాట్లాడేది మాత్రం ఒక్కరే, ముప్పై ఏళ్ళుగా ఈ దేశంలో ఉన్న తెల్లగడ్డం పాదిరిగారు. ఆయన తెలుగు పంతులుగారి తెలుగు కంటే గట్టిది.

చదవమన్నారు, చదివింది. రాయమన్నారు, రాసింది. “ఇప్పుడు ఇరువది నాలుగవ పాఠమందలి రాజు వృత్తాంతమును చెప్పుము” అన్నారు.

“ఆ పాఠం చదవలేదండి” అంది.

లోపల కుర్చీ కిర్రుమంది. అది పంతులుగారిది.

“ఏల చదువలేదు?”

“వార్డులో పనుందండి.”

నేను కిటికీ ఊచ పట్టుకున్నాను. అయిపోయిందనుకున్నాను. ఆమె సామాను సర్దుకోవడం, ఓడరేవుకు వెళ్ళే రైలు, అన్నీ కళ్ళ ముందు కనిపించాయి. పాదిరిగారు, “మరి నీకేమి వచ్చును?” అన్నారు. కోపంగా కాదు, విసుగ్గా.

“మొన్న ఒక తాతయ్య సూది వద్దని మంచం కింద దూరాడండి. ఆ సంగతి చెప్పనాండి?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా మొదలుపెట్టింది. తాతయ్య ఏమన్నాడు, ఆయన కూతురు ఏమని తిట్టింది, కాంపౌండరు కాళ్ళు పట్టి లాగితే పంచె ఎట్టా ఊడొచ్చింది. “నీకు పుణ్యముంటది తల్లీ, ఆ సూదేదో మా అల్లుడికి పొడువు” అన్న మాట తాతయ్య గొంతుతోనే అంది. ముగ్గురిలో ఇద్దరు నవ్వడం వినిపించింది. పాదిరిగారు నవ్వలేదు.

“ఇట్టి భాష నేర్పినది ఎవరు?”

దొరసానమ్మ కిటికీ వైపు చూపించింది. నన్ను లోపలికి పిలిచారు. తల మీద కొంగు సర్దుకుని వెళ్ళి నిలబడ్డాను.

“నీవెంత వరకు చదివితివి?”

“అక్షరాలు నేర్చుకుని రెండేళ్ళయిందండి.”

ఆయన పాత పుస్తకం ఎత్తి చూపించారు. “ఈ గ్రంథమున దోషములున్నవా?”

అబద్ధం చెప్పడం ఇష్టం లేదు. ఆయనను నొప్పించడమూ ఇష్టం లేదు. “దోషాల్లేవండి. కాకపోతే అందులో ఎవరికీ జబ్బు చెయ్యదండి” అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, “వెళ్ళుము” అన్నారు. ముగ్గురమూ తిరుగు రైలెక్కాము. తెనాలిలో దిగుతూ పంతులుగారు, “ఇంత చెప్పినా రాజు సంగతి రెండు ముక్కలు చెప్పలేకపోయారే అమ్మగారూ” అన్నారు, అంతే.

ఉత్తరం రావడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ దొరసానమ్మ పెట్టె మంచం కింద నుంచి బయటికి లాగి పెట్టింది. సర్దనూ లేదు, లోపలికి తోయనూ లేదు. ఆ పక్క నుంచే తిరిగేవాళ్ళం.

ఉత్తరం వచ్చింది పాఠం జరిగే రోజునే. తెలుగులో, పాదిరిగారి సొంత చేతిరాత. దొరసానమ్మ విప్పి తనే చదివింది. చదువుటయందు సామాన్యము. వ్రాతయందు సామాన్యము. వార్డు అప్పగింపదగును. అక్కడ ఆగి, “అప్పగింపదగును అంటే ఇస్తారనే గదా?” అంది. “అవునండి, ఇస్తారు” అన్నాను. ఆమె కుర్చీలో వెనక్కు వాలి కళ్ళు మూసుకుంది. తర్వాత కింద ఇంకొక వాక్యం ఉందని చూసుకుంది. ‘ఈమె భాష గ్రామ్యము.’

“గ్రామ్యము అంటే?” అని నన్ను అడిగింది. నాకు తెలియదు. ఆ మాట మా కాగితం ముక్కల్లో లేదు, పాత పుస్తకంలోనూ లేదు. ఇద్దరమూ పంతులుగారి వైపు చూశాము.

ఆయన ఉత్తరం తీసుకుని ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నారు. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. “గ్రామ్యమంటే... గ్రామంలో అందరికీ తెలిసేట్టు మాట్లాడతారని అండి. మెచ్చుకున్నారు” అన్నారు.

“ఇంకొక అర్థం ఉందాండి?”

“లేదండి. అంతే.”

దొరసానమ్మ ఆ ఉత్తరాన్ని వార్డులో తన బల్ల మీద అద్దం కింద పెట్టుకుంది. ఉన్న పదమూడేళ్ళూ అది అక్కడే ఉంది. కొత్తగా వచ్చిన నర్సులకు చూపించి, ఇలా రాయించుకోవాలంటే కష్టపడాలి అని చెప్పేది. బాపట్ల నుంచి ఎవరైనా పెద్దలు చూడటానికి వచ్చి, తెలుగు బాగా మాట్లాడుతున్నారే అంటే, “నాది గ్రామ్యమండి” అనేది నిండుగా. వాళ్ళు ఏమనాలో తెలియక నవ్వేవారు.

నాకు నిఘంటువు చూడటం వచ్చేసరికి అయిదేళ్ళు పట్టింది. ఆ మాట వెతికి చదువుకున్నాను. మోటు మాట, చదువుకున్నవారు వాడకూడని మాట అని ఉంది. పుస్తకం మూసి, మర్నాడు పంతులుగారు వచ్చినప్పుడు ఆయన ముఖంలోకి చూశాను. ఆయన కొత్త నర్సుకు మూడో పాఠం చెబుతున్నారు. “చెప్పండి అమ్మగారూ: తాతయ్యా, మీరు మందేసుకున్నారా?”